నాగావళికిచ్చిన బిళ్ళ

మా వైపు ఎవరికైనా చంకలో బిళ్ళ కడితే మొదట చేసే పని సున్నం, బెల్లం కలిపి పట్టు వేయడం. కాలికి ముల్లు దిగితే గజ్జల్లో, చేతికి గోరుచుట్టు లేస్తే చంకలో బిళ్ళ కడుతుంది. పుండు మానితే అదీ పోతుంది. అందులో తప్పేమీ లేదు, మా అమ్మా అదే చేసేది. కాని చేతికి ఏ గాయమూ లేకుండా, నొప్పన్నది లేకుండా, చింతపిక్కంత బిళ్ళ చంకలో చేరి కదలకుండా కూర్చుంటే మాత్రం సున్నం జోలికి పోకుండా ఆసుపత్రికి వెళ్ళండి. ఆడవాళ్ళకి మరీ చెబుతున్నాను. వెళ్ళాక, మీ ఒంట్లోంచి తీసినదాన్ని ఎవరి చేతికిస్తున్నారో కూడా ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఈ రెండో మాట ఎందుకన్నానో కింద రాస్తాను.

నా పేరు సత్యవతి. రాయగడలో మునిసిపాలిటీ చిన్నబడిలో తెలుగు పిల్లలకి ఒకటో తరగతి చెబుతాను. మా ఆయన అప్పలస్వామి ఊరి నీళ్ళపంపు దగ్గర మేస్త్రీ. మాకు ఒక్కతే అమ్మాయి. మాతోపాటు ఆయన అక్క నరసమ్మ వదిన ఉంటుంది. అయిదేళ్ళకే తల్లిపోయిన తమ్ముణ్ణి ఆమే పెంచింది. గుణుపురం పక్క రామనగుడలో ఇచ్చారు ఆమెని. మొగుడు ముప్పయ్యేళ్ళకే రక్తం కక్కుకుని పోతే తిరిగి తమ్ముడి పంచకే వచ్చింది.

ఆయన పోయింది క్షయతో అని నాకు అనుమానం. వదిన లెక్క వేరు. ఆయన కత్తిరించుకున్న గోళ్ళు దాయాదులు ఏరుకుపోయి చిల్లంగి పెట్టారని ఆమె నమ్మకం. అందుకని మా ఇంట్లో దువ్వెనకి వచ్చిన వెంట్రుకలు ఉండచుట్టి, మూడుసార్లు ఉమ్మి, పెరట్లో గొయ్యి తీసి కప్పాలి. గోళ్ళూ అంతే. మా అమ్మాయి పాలపన్ను ఊడితే అదీ ఆమే పట్టుకుపోయి పాతింది. "మనింటి ఒంటిది పరాయోడి సేతిలో పడకూడదే అమ్మి" అనేది. నేను చదువుకున్నదాన్ని కదా, నవ్వుకునేదాన్ని. ఎప్పుడైనా ఒకమాట కూర్చోబెట్టి చెబితే పోయేది. నవ్వి ఊరుకున్నాను.

1958, వానలు

స్నానం చేస్తుంటే కుడిరొమ్ములో గట్టిగా ఏదో తగిలింది. ఆ సంగతి ఎవరితో చెబుతాం? మా ఆయనతో చెప్పడానికి సిగ్గు, వదినతో చెప్పడానికి భయం. వారం పోతే అదే పోతుందని నెలన్నర ఊరుకున్నాను. ఈలోగా చంకలో బిళ్ళ తేలింది. రొమ్ము సంగతి చెప్పడానికి నోరు రాలేదు గాని, చంకలో బిళ్ళ అంటే ఎవరికీ సిగ్గుండదు, అందుకని అది చెప్పాను.

"సెయ్యి ఎక్కడైనా గీరుకుందేటే?" అని వదిన నా వేళ్ళన్నీ తిప్పి తిప్పి చూసింది. ఏమీ లేదు. "సుద్దముక్క పట్టి పట్టి వొచ్చుంటాదిలే" అని తేల్చేసి సున్నంపట్టు వేసింది. మరో ఇరవై రోజులు ఆ పట్టుతోనే బడికి వెళ్ళాను. చెమటకి సున్నం కరిగి రవికంతా తెల్లటి మరక. పిల్లలు నవ్వారు. బిళ్ళ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఓ రోజు బోర్డు మీద రాస్తుంటే చెయ్యి లాగేసింది. ఆ సాయంత్రం మా ఆయనతో రెండు సంగతులూ చెప్పేశాను. ఆయన మంచంమీద కూర్చుని చాలాసేపు పాదాలకేసి చూసుకున్నాడు. "కోరాపుట్ ఎల్దాం" అన్నాడు చివరికి. ఆ ఒక్కమాటకి ఆయన మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

1958, దసరా దాటాక

లక్ష్మీపురం ఘాటీ మీదుగా బస్సు. కొండ చుట్టూ అన్నీ మలుపులే. కోరాపుట్ ఆసుపత్రి వరండాలో మూడు రోజులు కూర్చున్నాం. కుందుర నుంచి, పొట్టంగి నుంచి కొండవాళ్ళు వచ్చి తుంగచాపలు పరుచుకుని, వంట చేసుకుంటూ ఉన్నారు. ఒకావిడకి మెడమీద జామకాయంత బిళ్ళ. నా చంకకేసి, తన మెడకేసి చూపించి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమెదీ నాదీ ఒకటే అన్నట్టు చూసిందని కోపం కూడా వచ్చింది. ఆ కోపానికి తర్వాత సిగ్గుపడ్డాను.

డాక్టరుబాబు కటకం వైపు ఒరియా మనిషి. నాకు ఒరియా వచ్చు కనక మాటకి ఇబ్బంది లేదు. రొమ్ము చూశాడు, చంక చూశాడు, చేతులు కడుక్కుని వచ్చి మా ఇద్దరినీ కూర్చోబెట్టాడు.

"రొమ్ములో ఉన్నది మంచి గడ్డలా లేదు. అది మిగతా ఒంట్లోకి పోవాలంటే మొదట వెళ్ళే దారి చంక. అక్కడికి చేరిందా లేదా అన్నది ముందు తేలాలి. ఆ బిళ్ళ తీసి పరీక్షకి పంపుదాం. అందులో లేకపోతే గడ్డ నేనే ఇక్కడ తీసేస్తాను. ఉంటే మాత్రం విశాఖపట్నంలో పెద్ద ఆపరేషను కావాలి, అదీ వెంటనే" అన్నాడు.

రాచపుండు అన్న మాట ఆయన అనలేదు. మేమూ అడగలేదు. బిళ్ళలో ఉంటే ఒక బతుకు, లేకపోతే ఒక బతుకు. అంతవరకు నాకు అర్థమైంది.

మర్నాడు పొద్దున్న తీశారు. చంకలో సూదిమందు వేశారు గాని లోపల లాగుతున్నది తెలుస్తూనే ఉంది. కళ్ళు మూసుకున్నాను. సుభాసిని అని జయపురం వైపు కిరస్తానీ నర్సు, తన చూపుడువేలు నా ఎడంచేతిలో పెట్టింది. "డర నాహిఁ మా, డర నాహిఁ" అంటూ ఉంది. భయం లేదమ్మా అని. ఆ వేలు ఎంత గట్టిగా పిసికానో, తర్వాత చూస్తే ఎర్రగా కంది ఉంది. ఆమె దాన్ని చీర కొంగులో దాచుకుంది.

తీసినదాన్ని నాకు చూపించారు. పసుపుతెలుపు రంగులో, నిజంగానే చింతపిక్కంత ఉంది. ఇంతదానికా ఇంత గొడవ అనిపించింది. ముక్కులదిరే మందు పోసిన సీసాలో వేసి, బిరడా బిగించి, నా పేరు రాసిన కాగితం అంటించారు. విశాఖపట్నానికి పోస్టులో పంపితే ఎన్నాళ్ళకి చేరుతుందో చెప్పలేమని, మనిషి పట్టుకుపోతే మంచిదని డాక్టరుబాబు అన్నాడు. ఓ ఉత్తరం రాసిచ్చాడు.

"నాను ఎల్తాను బాబూ" అన్నాడు మా ఆయన. సీసా తువ్వాల్లో చుట్టి గుండెలకానించుకుని బస్సెక్కాడు. రాయగడ వచ్చేదాకా ఒళ్ళోంచి దించలేదు.

ఆ ఆదివారం

శనివారం సాయంత్రానికి ఇల్లు చేరాం. సీసా దేవుడి గూట్లో పెడతానంటే వదిన ఒప్పుకోలేదు, కండ దేవుడి దగ్గర ఏటని. వంటింటి గూట్లో పెట్టాడు. మర్నాడు పదిగంటల రైలుకి ఆయన ప్రయాణం.

ఆదివారం పొద్దున్నే వదిన నాకు బలమని మేకమాంసం తెప్పించింది. నేను మంచం మీదున్నాను. వంటింట్లో మసాలా నూరుతున్న చప్పుడు, ఆయన పెరట్లో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినపడుతున్నాయి. కాసేపటికి వదిన అడ్డాకు పొట్లం ఒకటి కొంగులో పెట్టుకుని వీధిలోకి వెళ్ళింది. గుళ్ళో మజ్జిగౌరమ్మకి పసుపూ బియ్యం ఇచ్చి వస్తానంది. తిరిగొచ్చేసరికి పాదాలు తడిసి ఉన్నాయి. ఏటికెందుకు దిగావని నేను అడగలేదు. గుడికి వెళ్ళేవాళ్ళు కాళ్ళు కడుక్కోరా?

ఆయన సీసా తువ్వాల్లో చుట్టుకున్నాడు. వదిన స్టేషనుదాకా తోడు వెళ్ళి అన్నం మూట అందించి వచ్చింది. వచ్చి నాకు మాంసం కూర, అన్నం కలిపి పెట్టింది. నోటికి రుచిగా తిన్నది ఆ రోజే. కూర బాగుందని చెప్పాను కూడా.

పరీక్ష కాగితం పదిహేను రోజులకి గాని రాదన్నారట. ఆ పదిహేను రోజులూ పిల్లలచేత అక్షరాలు దిద్దించాను గాని ఏం దిద్దించానో తెలియదు. ఓ పూట అచ్చులన్నీ రాయించి, అవి అయిపోయాయని మర్చిపోయి మళ్ళీ అచ్చులే రాయించాను. ఆయన రెండోసారి విశాఖపట్నం వెళ్ళి కాగితం పట్టుకొచ్చాడు. అది ఇంగ్లీషులో ఉంది. నాకు ఇంగ్లీషు అంతగా రాదు. ఆయన ముందే మునిసిపాలిటీ ఆఫీసులో గుమాస్తాచేత చదివించుకుని వచ్చాడు. గుమ్మంలో అడుగుపెడుతూనే చెప్పాడు.

"రోగం కనపల్లేదట సత్తెవతీ! దాంట్లో ఏటీ లేదట."

ముగ్గురం ఏడ్చాం. మా అమ్మాయి ఎందుకో తెలియక తానూ ఏడ్చింది. వదిన వీధిలో అందరికీ బెల్లంముక్క పంచింది. ఆ కాగితం మడతపెట్టి ఆయన వేంకటేశ్వరస్వామి పటం వెనక పెట్టాడు.

"మరి కోరాపుట్ డాక్టరుగారికి చూపించొద్దేటండీ? గడ్డ తీస్తానన్నారు కదా" అన్నాను.

"ఎల్దాంలే. ఎండాకాలం సెలవుల్లో తీయించుకుందువు గాని. ఇప్పుడేటి తొందర, కాయితం ఉండాది కదా" అన్నాడు.

నాకూ అదే కావాలి. మళ్ళీ ఆ ఘాటీ, ఆ కత్తి ఎవరు కోరుకుంటారు? కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. మేం మేలొక్కటే ఎంచుకుని కూర్చున్నాం. కుడిచెయ్యి బరువుగా ఉందంటే, కాయితం ఉండాది కదా. రొమ్ముమీద చర్మం బత్తాయితొక్కలా గుంటలు పడిందంటే, కాయితం ఉండాది కదా. నాలుగు నెలలు ఆ కాగితమే మా ఇంటికి వైద్యం చేసింది.

1959, మార్చి

ఓ పొద్దున్న గాజులు చేతికి ఎక్కలేదు. చంకలో పాత కుట్టు పక్కన మూడు బిళ్ళలు చేతికి తగిలాయి, కందిపిక్కల్లా వరసగా. ఈసారి ఆయన్ని అడగలేదు. నేనే పటం వెనక కాగితం తీసి, కొంగున కట్టుకుని, బస్సెక్కడానికి తయారయ్యాను. ఆయన వెనకే వచ్చాడు.

డాక్టరుబాబు కాగితం చదివాడు. మళ్ళీ చదివాడు. తన పెద్ద పుస్తకం తెప్పించి, నా పేరున్న పేజీ తీసి రెండూ పక్కపక్కన పెట్టాడు. ఆయన ముఖం ఎర్రబడింది.

"ఇది మీకు ఎవరు చదివి చెప్పారు?"

"మా గుమాస్తా" అన్నాడు మా ఆయన.

"ఏమని?"

"రోగం కనపల్లేదని."

"అవును, కనపడలేదనే రాశారు. దాని పైన ఏం రాశారో చదవలేదా? సీసాలో బిళ్ళే లేదట. ఉత్త కండట, అదీ మనిషిది కాదని అనుమానమట. వెంటనే ఇంకో బిళ్ళ తీసి పంపండి అని కింద గీతగీసి మరీ రాశారు. నేను తీసింది బిళ్ళ. ఈ చేతులతో తీశాను. ఈమెకి చూపించాను. దారిలో అది మాంసం ఎలా అయింది?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడవైపు చూస్తున్నాడు. "ఆ గుమాస్తా అదంతా సదవనేదు బాబూ" అన్నాడు.  కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పాపం, మోసపోయాడు అనుకున్నాను. నా ప్రాణంలోంచి నాలుగు నెలలు పోయాయని తెలిసిన చోట కూర్చుని నేను ఆయన్ని ఓదార్చాను.

ఆ మధ్యాహ్నమే ఇంకో బిళ్ళ తీశారు. ఈసారి సీసా ఆసుపత్రి మనిషి పట్టుకువెళ్ళాడు. సుభాసిని తన గాజుగ్లాసులో నాకు టీ పోసి ఇచ్చింది. ఆమె తాగే గ్లాసు అది. ఏమీ అడగకుండా నా జడ విప్పి, దువ్వి, మళ్ళీ అల్లింది. దువ్వెనకి వచ్చిన వెంట్రుకలు కిటికీలోంచి విసిరేసింది.

అవి గాలికి ఎగురుతూ వరండా దాటిపోయాయి. అప్పుడు తట్టింది నాకు. అడ్డాకు పొట్లం, తడిసిన పాదాలు, ఆదివారం మేకమాంసం, అన్నీ ఒక్కసారి. నోట్లో ఆ కూర రుచి తగిలింది. వరండా చివరికి పరుగెత్తి కక్కుకున్నాను.

ఇంటికి వచ్చి వదినని అడిగాను. దాచలేదు. నిలబడి చెప్పింది.

"అవునే. నానే తీసేను. నీ కండ సీసాలో పెట్టి ఊరుకాని ఊరు, మొకమెరగనోళ్ళ సేతిలో ఎట్టమంటావేటి? నా మొగుడు గోళ్ళతోటే పోయేడు, ఇది గోరు కాదు, గుండె పక్కది. పసుపు బియ్యం ఏసి అడ్డాకులో కట్టి ఏట్లో దిగి నాగావళమ్మకిచ్చేను. ఏ సెడ్డ సెయ్యీ దాన్ని ముట్టకండా."

"మరి సీసాలో?"

"ఉత్త సీసా ఎట్టుకెల్తే ఆడ పెద్దోళ్ళు నా తమ్ముణ్ణి తిడతారని, కూరకి కోసిందాన్లో సిన్న ముక్క ఏసేను."

ఆ మేకలో ఒక ముక్క నా పేరు రాసిన సీసాలో, మిగతాది నా కంచంలో. నాకు కోపం కూడా రాలేదు మొదట.  "నన్ను చంపేశావు వదినా" అన్నాను. ఆమె అక్కడే చతికిలబడి తల బాదుకుంది. మా ఆయన వసారాలో ఉన్నాడు. లోపలికి రాలేదు. అక్కని ఏమనగలడు, పెంచిన చెయ్యి కదా అనుకున్నాను.

1959, వైశాఖం

రెండో బిళ్ళలో ఉంది. కాగితం అక్కర్లేకుండానే ఆ సంగతి నాకు తెలుసు. విశాఖపట్నంలో కుడిరొమ్ము, దాని వెనక కండ, చంకలో ఉన్నదంతా తీసేశారు. తర్వాత యంత్రం కింద పడుకోబెట్టి చాలారోజులు కిరణాలు పెట్టారు. చర్మం పెనంమీద అట్టులా మాడింది. అంతకంటే రాయను. చదివేవాళ్ళకి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

అక్కడి పెద్ద డాక్టరు కుట్లు విప్పుతూ, మొదట ఒక్క బిళ్ళ ఉన్నప్పుడే ఎందుకు రాలేదని అడిగాడు. మా అత్తవారింట్లో దానికి నిమజ్జనం చేశారని చెప్పాను. హాస్యమాడుతున్నాననుకుని నవ్వాడు.

అక్కడున్న రెండు నెలలూ నా దగ్గర ఉన్నది వదినే. వరండాలో చాప వేసుకుని పడుకుంది. చీము తుడిచింది, గుడ్డలు ఉతికింది, నా జుట్టు దువ్వింది. వచ్చిన వెంట్రుకల కోసం ఆ సిమెంటు ఆవరణలో మట్టి దొరక్క గోడవార తిరిగేది. నేను ఆమెతో మాట్లాడలేదు. నీళ్ళు కావాలంటే గ్లాసు చూపించేదాన్ని. మా ఆయన వారానికోసారి వచ్చేవాడు. కట్టు మార్చే వేళకి బయటికి పోయేవాడు. సున్నితమైన మనిషి, చూడలేడు అని పక్కమంచం ఆవిడతో గొప్పగా చెప్పాను.

1960

బతికాను. బతికినందుకు ఏం చెయ్యాలో విశాఖపట్నంలో చెప్పి పంపారు. గోడకి పక్కగా నిలబడి, వేళ్ళతో గోడమీద పాకుతూ కుడిచేతిని రోజూ కొంచెం కొంచెం పైకి ఎత్తాలి. లేకపోతే భుజం పట్టేసి చెయ్యి పనికిరాకుండా పోతుంది. నా అంతట నేను ఎత్తలేను, నొప్పికి సగంలో దించేస్తాను. ఎవరో ఒకరు మోచేతికింద పట్టి ఎత్తాలి. మా ఆయన ఒక రోజు పట్టుకున్నాడు. నేను "అమ్మా" అనగానే వదిలేసి పంపు దగ్గర పనుందని వెళ్ళిపోయాడు. రెండో రోజునుంచి వదినే పట్టుకుంది.

రోజూ పొద్దున్న పొయ్యి వెలిగించకముందు గోడ దగ్గర నిలబడేవాళ్ళం. వేళ్ళు ఎక్కడిదాకా వెళితే అక్కడ ఆమె బొగ్గుతో గీత గీసేది. "ఇంకొంచెం అమ్మి. నిన్నటి గీత దాటలేదు" అనేది. నేను అరిచినా వదిలేది కాదు. ఆమె చేత్తోనే నా చెయ్యి లేస్తోంది. అదే నాకు భరించలేని సంగతి. నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. "నాగావళమ్మనడుగు, ఎత్తుతాది" అనేదాన్ని. ఒక్కరోజు కూడా ఎదురు చెప్పలేదు. బడిలో మళ్ళీ చేరాను. బోర్డు కింది సగంలోనే రాస్తాను. వెనక బెంచీ పిల్లలు లేచి నిలబడి చూస్తారు.

ఇలా ఏడాదిన్నర. ఇంట్లో నా విషమంతా ఆమెకి, నా మెత్తదనమంతా ఆయనకి. ఆయన వసారాలోనే పడుకునేవాడు. నా గాయం ఒక్కసారైనా చూడలేదు. నొచ్చుకుంటానని చూడటం లేదనుకున్నాను.

1961, బడులు తెరిచాక

ఓ పొద్దున్న వదిన మా అమ్మాయికి జడ వేస్తోంది. దువ్వెన్లోంచి వెంట్రుకలు తీసి, ఉండచుట్టి, పిల్లచేత మూడుసార్లు ఉమ్మించింది. 

"ఇంకా అదేనా వదినా! నా చెయ్యి పోయింది, రొమ్ము పోయింది, ఇంకా బుద్ధి రాలేదేటి నీకు? నా పిల్లకి నేర్పుతున్నావా? ఎల్లిపో. రామనగుడే ఎల్తావో, ఏట్లోనే దిగుతావో, నా ఇంట్లో ఉండొద్దు!"

ఆమె రెండు చీరలు, ఓ ఇత్తడి చెంబు మూటకట్టుకుంది. మా ఆయన పంపు దగ్గరికి వెళ్ళిపోయాడు అప్పటికే. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"నాను ఎల్తానే. ఎల్లవలసినదాన్నే. ఒక్కమాట. ఆణ్ణి ఏటీ అనకు. ఆడు సిన్నప్పట్నించీ పిరికోడు. అమ్మ పోయిన రోజున కూడా శవాన్ని సూడలేక గాదె ఎనక దాక్కున్నాడు."

"ఎవరు? ఆయన్ని నేనెందుకంటాను?"

ఆమె నోరు నొక్కుకుంది. నేను మూట పట్టుకున్నాను, వదల్లేదు.

"ఏటి సెప్పేవు వదినా? మళ్ళీ సెప్పు."

"టేసను కాడ నాకు మనసొప్పలేదే. రైలు రాకముందే ఆడికి సెప్పేసేను, ఇలాగ మార్చేనురా, సీసాలోది మేకదిరా అని. ఎనక్కెళ్ళి డాక్టరుబాబుకి సెప్పేద్దాం, ఇంకోటి తీస్తాడేమో అన్నాను. ఆడు సీసాకేసి సూసేడు. సూసి, సూసి, 'పోనీలే అక్కా, దీంట్లో ఐతే రోగం ఉండదు కదా' అన్నాడు. రైలెక్కేసేడు."

గుమాస్తా కాగితమంతా చదివే ఉంటాడు. ఒక్క ముక్క కూడా వదిలి ఉండడు. వదిలింది మా ఆయన.

"ఇన్నాళ్ళూ ఎందుకు సెప్పలేదు? నేను నిన్ను అంతలేసి మాటలంటుంటే!"

"నాను పెంచినోడు కదే. నాను సేసింది ఎలగా సేసేనాయె. ఆ పాపం కూడా నామీదే ఉంటే నీకు మొగుడైనా మిగుల్తాడనుకున్నాను" అంది.

వదినని నేను క్షమించానా అంటే లేదు. ఆ నాలుగు నెలలు పోయినవే, వాటిని ఎవరూ తిరిగి ఇవ్వరు. కాని ఆమె చేసిన పనిలో నన్ను కాపాడాలన్న పిచ్చి ఉంది. ఆయన చేసినదాంట్లో తనని కాపాడుకోవడం తప్ప ఇంకేమీ నాకు కనపడలేదు. మూట ఎడంచేత్తో లాక్కుని లోపల పడేశాను. "పొయ్యి ఎలిగించు" అన్నాను. రెండేళ్ళలో అదే నేను ఆమెతో మామూలుగా అన్న మొదటి మాట.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే ఆయన వచ్చాడు. తలుపు మూసి, రవిక విప్పి ఎదురుగా నిలబడ్డాను. ఆయన గోడవైపు తిరిగాడు.

"ఇటు చూడు" అన్నాను. పదిహేనేళ్ళలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు.

చూశాడు. పక్కటెముకలమీద అతుక్కున్న చర్మం, చంకలో గొయ్యి, మాడిన మచ్చ, వాచిన చెయ్యి, అన్నీ చూసేదాకా నేను కదల్లేదు.

"నా కండ పరాయోళ్ళ చేతిలో పడకూడదని మీ అక్క ఏటికిచ్చింది. నేను నీ చేతికిచ్చాను" అన్నాను.

ఏడ్చాడు. ఈసారి ఓదార్చలేదు.

మర్నాడు పొద్దున్న వదిన బొగ్గుముక్క పట్టుకుని గోడ దగ్గరికి వస్తే, ఆమెని పక్కకి ఉండమన్నాను. ఆయన్ని పిలిచి మోచేతికింద పట్టుకోమన్నాను. వేళ్ళు గోడమీద పాకాయి. నిన్నటి గీతకి జానెడు కిందనే నొప్పి మొదలైంది. నా ముఖం చూసి ఆయన ఆగిపోయాడు.

"నొప్పెడతాదేమోనే" అన్నాడు.

"ఎత్తు" అన్నాను.